సముద్రం మీంచి ఎగిరిన కూలివాడి కొడుకు

మన ఉద్దానం వాళ్ళకి సముద్రం కొత్త కాదు, సైన్యమూ కొత్త కాదు. బారువ నుంచి భావనపాడు దాకా ఏ ఊరెళ్ళినా సైన్యంలోనో, నౌకాదళంలోనో పనిచేసిన మనిషి కనిపిస్తాడు. సెలవు అయిపోయి పలాస స్టేషనులో రైలెక్కే జవానునీ, అతన్ని సాగనంపడానికొచ్చి కొంగుతో కళ్ళు తుడుచుకునే తల్లినీ చూడనివాళ్ళు మనలో ఉండరు. విమానవాహక నౌక అన్న మాట కూడా మన తీరానికి పాత పరిచయమే. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేసిన జపాను విమానాలు బంగాళాఖాతంలో తిరుగుతున్న ర్యూజో అనే నౌక మీంచి లేచి వచ్చినవే. 1971 డిసెంబరులో మన విక్రాంత్ మీంచి లేచిన సీ హాక్ విమానాలు ఇదే సముద్రం దాటి కాక్స్ బజార్, చిట్టగాంగ్‌ల మీద దాడి చేసేయి.

అలాంటి నౌక మీంచి ఎగిరి, తిరిగి రాని ఒక పైలట్ కథ ఇది. పేరు జెస్సీ లెరాయ్ బ్రౌన్. మన దేశం వాడు కాడు. అమెరికా నౌకాదళం వాడు. పోరాడింది కొరియాలో. చనిపోయేనాటికి వయస్సు 24 ఏళ్ళు. అయినా మన సంచికలో ఆయన కథకి చోటుండడం సబబే. కూలి చేసుకునే ఇంట్లో పుట్టి, తన పుట్టుక చూసి మూసేసిన తలుపులన్నీ చదువుతోనూ ఓర్పుతోనూ తెరిపించుకున్న కుర్రవాడి కథ ఇది. అంతకన్నా ముఖ్యంగా, చట్టం కాగితం మీద మాత్రమే రాసి ఇవ్వగలిగిన సమానత్వాన్ని ఒక స్నేహితుడు మంచుకొండ మీద చేసి చూపించిన కథ.

పుట్టుక, పెంపకం

జెస్సీ 1926 అక్టోబరు 13న అమెరికా దక్షిణాదిలోని మిసిసిపీ రాష్ట్రంలో, హేటీస్‌బర్గ్ అనే ఊళ్ళో పుట్టేడు. నీగ్రోలని పిలవబడిన నల్లజాతి కుటుంబం. తల్లి జూలియా బడిపంతులమ్మగా పనిచేసింది. తండ్రి జాన్ ఏ పని దొరికితే ఆ పని చేసేవాడు. కొన్నాళ్ళు గోదాములో, కొన్నాళ్ళు పైన్ చెట్ల జిగురు నుంచి టర్పెంటైన్ తీసే ఫ్యాక్టరీలో పనిచేసేడు. మన పలాస, కాశీబుగ్గల్లో జీడిపిక్కలు ఒలిచి ఒలిచి చేతులు నల్లబడిన ఆడవాళ్ళని చూసిన వాళ్ళకి అలాంటి పని ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. ఫ్యాక్టరీ పని పోయేక, పంటలో పాలు ఇచ్చే షరతు మీద పరుల భూమి దున్నేడు. ఆరుగురు పిల్లలు. ఇంట్లో కుళాయి లేదు. చలికాలం వస్తే పొయ్యి దగ్గర ముడుచుకుని పడుకోవడమే.

అమెరికాలో బానిసత్వం 1865లోనే చట్టరీత్యా రద్దయింది. కాని జెస్సీ పుట్టేనాటికి మిసిసిపీలో నల్లవాళ్ళకి బడి వేరు, రైలు పెట్టె వేరు, మంచినీళ్ళ కుళాయి వేరు, ఆఖరికి శ్మశానం కూడా వేరు. మన పల్లెల్లో టీ దుకాణాల్లో రెండు గ్లాసుల పద్ధతి గురించి విన్నవాళ్ళకి ఇది వింతగా అనిపించదు. తేడా ఏమిటంటే, మన దగ్గర చట్టం కాదన్నా ఆచారం నడిచింది. అక్కడ చట్టమే ఆచారానికి కాపలా కాసింది.

జెస్సీకి ఆరేళ్ళప్పుడు తండ్రి విమానాల ప్రదర్శనకి తీసుకెళ్ళేడు. ఆ రోజు పట్టుకున్న పిచ్చి చచ్చేదాకా వదల్లేదు. ఇంటికి దగ్గర్లోని మట్టి విమానాశ్రయానికి పరుగెత్తుకెళ్ళి కంచె పక్కన నిలబడి చూసేవాడు. అక్కడి మెకానిక్కు అదిలించి తోలేస్తే, మళ్ళీ మర్నాడు వెళ్ళేవాడు. ఇంటింటికీ పేపరు వేసే పనిలో చేరి, తాను పంచే నల్లవాళ్ళ పత్రికలోనే నల్లజాతి వైమానికులు కూడా ఉన్నారని చదివి తెలుసుకున్నాడు. సైనిక విమానదళంలోకి నల్లవాళ్ళని ఎందుకు చేర్చుకోరని అడుగుతూ 1937లో, పట్టుమని పదకొండేళ్ళయినా నిండకుండానో, నిండీ నిండకుండానో, ఏకంగా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌కే ఉత్తరం రాసేడు. ఉత్తరం రాసినందుకు మెచ్చుకుంటూ అధ్యక్ష భవనం నుంచి జవాబొచ్చింది. జవాబొచ్చింది గాని తలుపు తెరుచుకోలేదు.

పగలు చదువు, రాత్రి మూటలు

1944లో హైస్కూలు చదువు తరగతిలో రెండోవాడిగా పూర్తిచేసేడు. దగ్గర్లో ఉన్న నల్లవాళ్ళ కాలేజీలో చేరమని చాలామంది సలహా ఇచ్చేరు. జెస్సీ ఒప్పుకోలేదు. దూరాన ఉత్తరాదిలోని ఒహాయో స్టేట్ యూనివర్సిటీకే వెళ్తానన్నాడు. 1936 బెర్లిన్ ఒలింపిక్సులో నాలుగు స్వర్ణాలు గెలిచిన జెస్సీ ఓవెన్స్ చదివింది అక్కడే. అతనంటే మన జెస్సీకి ఆరాధన. తెల్లవాళ్ళ సారాయి దుకాణంలో పనిచేస్తూ, నోటికొచ్చిన మాటలు పడుతూ, కూడబెట్టుకున్న డబ్బు ఉంది. అది పట్టుకుని వెళ్ళి వాస్తు నిర్మాణ ఇంజనీరింగులో చేరేడు.

ఆ డబ్బు ఎన్నాళ్ళొస్తుంది? మధ్యాహ్నం మూడున్నర నుంచి అర్ధరాత్రి దాకా పెన్సిల్వేనియా రైల్‌రోడ్డు గూడ్సు పెట్టెల్లో సరుకులు ఎక్కించే పని చేసేవాడు. తెల్లారితే క్లాసు. అయినా మార్కులు తగ్గలేదు. మన కళాశాలల్లో సెలవుల్లో కొబ్బరి దింపుకి, జీడితోటల పనికి వెళ్ళి ఫీజు కట్టుకునే విద్యార్థులు ఈ నాలుగు వాక్యాలూ రెండోసారి చదవక్కర్లేదు. వాళ్ళకి తెలిసిన జీవితమే.

విమాన శిక్షణకి అర్జీ పెడితే చాలాసార్లు కాదన్నారు. అప్పటికి అమెరికా నౌకాదళంలో నల్లవాడంటే వంటవాడో, అధికారులకి భోజనం వడ్డించేవాడో అన్న లెక్క. జెస్సీ పట్టు వదల్లేదు. 1946లో నౌకాదళం రిజర్వులో చేరేడు. విద్యార్థులకి ఇచ్చే అధికారి శిక్షణలో చోటు సంపాదించేడు. ఆ పథకంలో దేశం మొత్తం మీద సుమారు 5,600 మంది ఉంటే, నల్లవాళ్ళు 14 మంది.

రెక్కలు

1947 మార్చిలో ఇలినాయిలోని గ్లెన్‌వ్యూలో మొదటి శిక్షణ. అక్కణ్ణించి అయోవాలోని ఒటమ్వా, తరవాత ఫ్లారిడాలోని పెన్సకోలా. గ్లెన్‌వ్యూలో దొరికిన శిక్షకుడు రంగు చూడకుండా పని నేర్పేడు. పెన్సకోలాలో అందరూ అలాంటివాళ్ళు కారు. అవమానాలు ఎదురయ్యేయి, మాటలు పడ్డాయి. తిరిగి ఒక్క మాట అంటే చాలు, బయటికి పంపడానికి అదే సాకు అవుతుందని అతనికి తెలుసు. పళ్ళు బిగబట్టి ఊరుకున్నాడు. ఆ మౌనాన్ని పిరికితనం అనుకోకూడదు. తాను ఎక్కవలసిన మెట్టు మీద మాత్రమే దృష్టి నిలిపిన వాడి మౌనం అది.

శిక్షణలో ఉన్న క్యాడెట్లు పెళ్ళి చేసుకోకూడదని నియమం. హైస్కూలు నాటి నుంచీ మనసిచ్చిన డైజీ పెర్ల్ నిక్స్‌ని జెస్సీ 1947 అక్టోబరులో రహస్యంగా పెళ్ళాడేడు. బయటపడితే శిక్షణా, కొలువూ రెండూ పోతాయి. ఊళ్ళో ఎక్కడో అద్దె గదిలో భార్య, శిబిరంలో భర్త. వారాంతాల్లో మాత్రమే కలుసుకునేవారు. ఏడాది అలా గడిపేరు.

1948 జులై 26న అధ్యక్షుడు ట్రూమన్ సైన్యంలో జాతి వివక్ష పనికిరాదని ఉత్తర్వు మీద సంతకం చేసేడు. అదే ఏడాది అక్టోబరు 21న జెస్సీ చొక్కా మీద నౌకాదళ వైమానికుడి రెక్కల గుర్తు పెట్టేరు. అమెరికా నౌకాదళపు మౌలిక విమాన శిక్షణ పూర్తిచేసిన మొట్టమొదటి నల్లజాతి వ్యక్తి అతనే. పత్రికల్లో ఫొటోలు పడ్డాయి. డిసెంబరులో కూతురు పమేలా పుట్టింది. 1949లో ఎన్‌సైన్ హోదాతో అధికారి అయ్యేడు.

నౌక మీద వాలడం అంటే ఏమిటో ఒక్క ముక్క చెప్పాలి. విమానాశ్రయంలో అయితే రన్‌వే కదలదు. ఇక్కడ నౌక ముందుకి పోతూ ఉంటుంది, అలల మీద లేస్తూ పడుతూ ఉంటుంది. డెక్కుకి అడ్డంగా ఉక్కు తీగలు కట్టి ఉంటాయి. విమానం తోక కింద ఉన్న కొక్కెం వాటిలో ఒకదానికి తగులుకుంటే విమానం ఆగుతుంది. తగులుకోకపోతే ముందున్న అడ్డుకంచెకి గుద్దుకోవడమే. జెస్సీ తరవాత నడిపిన కోర్సెయిర్ విమానానికి ముక్కు పొడుగు. వాలేటప్పుడు పైలట్‌కి ఎదురుగా డెక్కు సరిగా కనపడదు. డెక్కు అంచున నిలబడి చేతుల్లోని పలకలతో సైగలు చేసే అధికారిని నమ్ముకుని దిగాలి. ఇది రోజూ చేసే పని. అక్కడ ఎవరి చర్మం రంగు ఏదైనా, కొక్కెం తీగకి తగిలిందా లేదా అన్నదే లెక్క.

లేటీ నౌక మీద ఇద్దరు

జెస్సీని యు.ఎస్.ఎస్. లేటీ అనే విమానవాహక నౌక మీది 32వ ఫైటర్ స్క్వాడ్రన్‌లో వేసేరు. దాదాపు 270 మీటర్ల పొడుగున్న నౌక అది. అక్కడికే 1949 చివర్లో థామస్ హడ్నర్ అనే పైలట్ వచ్చేడు. మసాచుసెట్స్ రాష్ట్రంలోని ఫాల్‌రివర్‌లో దుకాణాలున్న కలిగిన ఇంటి బిడ్డ, తెల్లవాడు, నౌకాదళ అకాడమీలో చదివినవాడు.

వాళ్ళ మొదటి పరిచయం గురించి హడ్నర్ తరవాత చాలాచోట్ల చెప్పేడు. బట్టలు మార్చుకునే గదిలోకి జెస్సీ వచ్చి పలకరింపుగా తల ఊపేడట గాని చెయ్యి చాచలేదట. తాను చెయ్యి చాస్తే ఎదుటి తెల్లవాడు ఇబ్బంది పడతాడేమోనని, పుచ్చుకోకపోతే ఇద్దరికీ చిన్నతనమని, అలవాటుగా వెనక్కి తగ్గేడు. అది గ్రహించి హడ్నరే చొరవ చేసి చెయ్యి కలిపేడు. చిన్న విషయమే. కాని ఇరవయ్యేళ్ళ జీవితం ఆ చాచని చేతిలో ఉంది.

హోదాలో హడ్నర్ పెద్ద. విమానం నడిపిన అనుభవంలో జెస్సీ పెద్ద. ఆకాశంలో అనుభవానికే మర్యాద కాబట్టి జెస్సీ ముందు ఎగిరేవాడు, హడ్నర్ అతని తోడు పైలట్‌గా పక్కన ఎగిరేవాడు. మిసిసిపీలో ఒకే రైలు పెట్టెలో కూర్చోలేని ఇద్దరు, ఆకాశంలో ఒకరి ప్రాణానికి ఒకరు కాపలాగా ఉండేవారు.

కొరియా

1950 జూన్ 25న ఉత్తర కొరియా సేనలు 38వ అక్షాంశ రేఖ దాటి దక్షిణానికి వచ్చేయి. ఐక్యరాజ్యసమితి జెండా కింద అమెరికా, మరికొన్ని దేశాలు యుద్ధంలోకి దిగేయి. మధ్యధరా సముద్రంలో ఉన్న లేటీ నౌకని తూర్పుకి పిలిపించేరు. అక్టోబరుకి కొరియా తీరం చేరింది. మన దేశం పోరాడే సేనని పంపలేదు. లెఫ్టినెంట్ కర్నల్ ఎ.జి. రంగరాజ్ నాయకత్వంలో 60వ పారాచూట్ ఫీల్డ్ ఆంబులెన్సు అనే వైద్య దళాన్ని పంపింది. జెస్సీ చనిపోయిన ఆ డిసెంబరు మొదటి వారంలోనే, మన వైద్యులు ప్యాంగ్యాంగ్ నుంచి వెనక్కి మళ్ళుతూ, తమ సామాన్లు వదిలెయ్యడానికి మనసొప్పక, ఒక ఆవిరి ఇంజనుని పట్టుకుని తామే నడుపుకుంటూ బయటపడ్డారు.

నవంబరు చివర్లో చైనా సేనలు ఒక్క పెట్టున విరుచుకుపడ్డాయి. చోసిన్ జలాశయం దగ్గర కొండల్లో సుమారు 30,000 మంది ఐక్యరాజ్యసమితి సైనికుల్ని అంతకు నాలుగింతల చైనా సైన్యం చుట్టుముట్టింది. నీళ్ళు గడ్డకట్టడం కాదు, తుపాకుల్లో నూనె గడ్డకట్టే చలి. ఆ మంచులో పలచని బట్టలతో పడుకుని గడ్డకట్టి చచ్చిపోయిన చైనా సైనికులూ చాలామంది ఎక్కడో నాగలి వదిలి వచ్చిన రైతుబిడ్డలే. చుట్టుముట్టబడిన వాళ్ళకి ఆధారం నౌకల మీంచి వచ్చే విమానాలు. జెస్సీ అప్పటికి ఇరవై దాకా యుద్ధయాత్రలు చేసేడు. డిసెంబరు 3 రాత్రి డైజీకి ఉత్తరం రాసేడు. అదే ఆఖరిది.

1950 డిసెంబరు 4

ఆ మధ్యాహ్నం లేటీ మీంచి ఆరు కోర్సెయిర్‌లు లేచేయి. శత్రువుల జాడ వెతుకుతూ కొండల మీద తక్కువ ఎత్తులో ఎగురుతున్నాయి. కింద ఎవరూ కనపడలేదు గాని, మంచులో దాగిన వాళ్ళు పేల్చిన గుండు ఒకటి జెస్సీ విమానానికి తగిలింది. ఇంధనం కారిపోతోందని పక్క విమానం వాడు రేడియోలో హెచ్చరించేడు. కొద్దిసేపట్లో ఇంజను శక్తి పోయింది. పారాచూట్‌తో దూకేటంత ఎత్తు లేదు. కొండవాలులో కాస్త చదునైన చోటు చూసుకుని జెస్సీ విమానాన్ని మంచు మీద కడుపుతో దించేడు. దెబ్బకి ముందు భాగం విరిగింది. కాక్‌పిట్ నలిగిపోయి అతని కాలు లోపల ఇరుక్కుపోయింది.

పైనున్నవాళ్ళు అతను చనిపోయేడనుకున్నారు. ఇంతలో పైకప్పు తెరిచి చెయ్యి ఊపేడు. బతికున్నాడు. కాని విమానం ముక్కులోంచి పొగ వస్తోంది. అది శత్రువుల ప్రాంతం. హెలికాప్టరు రావడానికి సమయం పడుతుంది.

అప్పుడు హడ్నర్ ఎవరినీ అడగలేదు. అడిగితే వద్దంటారని తెలుసు. ఆయుధాలు వదిలించుకుని, చక్రాలు దింపకుండా, తన మంచి విమానాన్ని కావాలని జెస్సీ విమానం దగ్గర మంచులో కూల్చి దించేడు. నడుముకి దెబ్బ తగిలినా లేచి పరుగెత్తేడు. జెస్సీ తలకి తన ఉన్ని టోపీ పెట్టేడు, గడ్డకట్టిపోతున్న అతని చేతులకి మఫ్లరు చుట్టేడు. పొగ మీద చేతులతో మంచు ఎత్తి కుమ్మరించేడు. లాగి చూసేడు, రాలేదు. హెలికాప్టరులో గొడ్డలి, మంటలార్పే సాధనం పంపమని రేడియోలో కోరేడు.

మెరీన్ దళపు పైలట్ చార్లెస్ వార్డ్ హెలికాప్టరుతో వచ్చేడు. ఇద్దరూ కలిసి ముప్పావుగంట గొడ్డలితో కొట్టేరు. లోహానికి సొట్టలు పడ్డాయి తప్ప విడలేదు. కాలు నరికి అయినా బయటికి తియ్యమని జెస్సీ అడిగేడు. అదీ సాధ్యం కాలేదు. అంత బాధలోనూ కేక వెయ్యలేదని, తననే ఊరడించినట్టు మాట్లాడేడని హడ్నర్ తరవాత చెప్పేడు. తాను బయటపడకపోతే డైజీకి తన ప్రేమ చెప్పమన్నాడు. క్రమంగా స్పృహ తప్పింది. చీకటి పడుతోంది. ఆ హెలికాప్టరు చీకట్లో ఎగరలేదు. తిరిగి వస్తామని జెస్సీకి మాట ఇచ్చి, ఆ మాట అతనికి వినపడిందో లేదో తెలియకుండానే, హడ్నర్ హెలికాప్టరు ఎక్కేడు.

మళ్ళీ వెళ్ళాలని హడ్నర్ అడిగేడు. ఇంకొందరి ప్రాణాలు పోతాయని నౌక కెప్టెన్ ఒప్పుకోలేదు. డిసెంబరు 7న లేటీ విమానాలు ఆ కొండ మీదికి వెళ్ళేయి. జెస్సీ దేహం శత్రువుల చేతికి చిక్కకూడదని, పైలట్లు రేడియోలో ప్రార్థన చదువుతూ, ఆ విమానం మీద నాపామ్ కురిపించేరు. స్నేహితులు చేసిన దహనం అది.

తరవాత

విమానం కావాలని కూల్చినందుకు సైనిక విచారణ తప్పదని హడ్నర్ అనుకున్నాడు. కెప్టెన్ సిస్సన్ అతనికి పతకం ఇవ్వాలని సిఫారసు చేసేడు. 1951 ఏప్రిల్ 13న అధ్యక్షుడు ట్రూమన్ అధ్యక్ష భవనంలో హడ్నర్ మెడలో మెడల్ ఆఫ్ ఆనర్ వేసేడు. మూడేళ్ళ కిందట వివక్ష రద్దు ఉత్తర్వు మీద సంతకం పెట్టిన చెయ్యే అది. డైజీ అక్కడే నిలబడి చూసింది. ఆవిడ తరవాత చదువుకుని టీచరైంది. జెస్సీకి మరణానంతరం డిస్టింగ్విష్డ్ ఫ్లయింగ్ క్రాస్ ఇచ్చేరు. కొరియా యుద్ధంలో చనిపోయిన మొదటి నల్లజాతి నౌకాదళ అధికారి అతనే.

ఇంత గౌరవం జరిగిన రోజున కూడా మిసిసిపీలో బడులు వేరుగానే ఉన్నాయి. బడుల్లో వేర్పాటు రాజ్యాంగ విరుద్ధమని అమెరికా సుప్రీం కోర్టు 1954లో గాని చెప్పలేదు. పౌరహక్కుల చట్టం 1964లో గాని రాలేదు. జెస్సీ కూతురు పమేలా, దేశం కోసం చనిపోయిన అధికారి బిడ్డ, తండ్రి పుట్టిన రాష్ట్రంలో తెల్లపిల్లల బడిలో అడుగుపెట్టడానికి వీల్లేని రోజులవి. కాబట్టి ఒక్కడు పైకి వస్తే చాలు, వివక్ష దానంతటదే పోతుందని ఈ కథ చదివి ఎవరూ అనుకోకూడదు. ఒక్కడు తలుపు తెరిస్తే, ఆ తలుపు మళ్ళీ మూసుకుపోకుండా పట్టుకోవడానికి వెనక పదిమంది కావాలి.

1973 ఫిబ్రవరి 17న బోస్టన్‌లో యు.ఎస్.ఎస్. జెస్సీ ఎల్. బ్రౌన్ అనే యుద్ధనౌక కొలువులో చేరింది. డైజీ, పమేలా, హడ్నర్ ముగ్గురూ వచ్చేరు. ఆ నౌక 1994 దాకా పనిచేసింది. 2018 డిసెంబరు 1న అదే బోస్టన్‌లో యు.ఎస్.ఎస్. థామస్ హడ్నర్ అనే నౌక కొలువులో చేరింది. ఇద్దరి పేర్లూ సముద్రం మీదికి ఎక్కేయి. 2022లో వీళ్ళ కథ సినిమాగా కూడా వచ్చింది.

విద్యార్థి మిత్రులారా, జెస్సీ చదువు, శ్రమ మనకి ఆదర్శమని రాసి ఊరుకుంటే సగం చెప్పినట్టే. మనలో కొందరు జెస్సీలు. మూటలు మోసి చదువుకుంటున్నవాళ్ళు. మరికొందరు హడ్నర్లు; కాస్తో కూస్తో కలిగిన ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళు. హాస్టల్లో, క్లాసులో, క్యాంటీన్లో చాచడానికి జంకుతున్న చెయ్యి ఒకటి ఎప్పుడూ ఎక్కడో ఉంటుంది. దాన్ని చూసి ముందుగా చెయ్యి కలపడం రెండోవాడి బాధ్యత. ఆ రోజు గదిలో చెయ్యి కలిపినవాడే ఏడాది తరవాత కొండ మీద దిగేడన్నది మరిచిపోకూడదు.

హడ్నర్ ఆ మాట మరిచిపోలేదు. 2013 జులైలో, 88 ఏళ్ళ వయస్సులో, జెస్సీ అస్థికలు వెతికి తేవాలని ఉత్తర కొరియా రాజధాని ప్యాంగ్యాంగ్ వెళ్ళేడు. వానలకి దారులు పాడయ్యేయి, కొండ దగ్గరికి వెళ్ళడం కుదరదు, వాతావరణం బాగుపడ్డాక సెప్టెంబరులో రమ్మని అక్కడి అధికారులు చెప్పేరు. ఉత్త చేతులతో తిరిగొచ్చేడు. 2017 నవంబరు 13న కన్నుమూసేడు. జెస్సీ ఇంకా ఆ కొండ మీదే ఉన్నాడు. తిరిగి వస్తానని మాట ఇచ్చినవాడు మాత్రం అరవై రెండేళ్ళు దాటిపోయేక కూడా దాన్ని నిలబెట్టుకోవడానికి బయల్దేరేడు.